మేధా మూలధన నివేదికలో గడులన్నీ నిండాయి, మనిషితో వెళ్లిపోయింది మాత్రం ఎక్కడా కనిపించడం లేదు

కొలబద్ద
మా విశ్వవిద్యాలయంలో మేధా మూలధన నివేదిక, అంటే సంస్థకున్న జ్ఞానం, నైపుణ్యం, సంబంధాల లెక్క, తయారు చేసే బాధ్యతను ఈ ఏడాది నాకు అప్పగించారు. మూడు నెలలుగా విభాగాల చుట్టూ తిరిగి అంకెలు సేకరిస్తున్నాను. డాక్టరేట్ ఉన్న అధ్యాపకులు ఎందరు, ప్రచురణలు ఎన్ని, ఇతరులు వాటిని ప్రస్తావించిన ఉల్లేఖనలు ఎన్ని, పేటెంట్లు ఎన్ని, బయటి సంస్థలతో ఒప్పందాలు ఎన్ని అనే గడులన్నీ నిండాయి. నిండిన తరువాతే నాకు అసలు ఇబ్బంది మొదలైంది. పదార్థ శాస్త్ర విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసిన సీనియర్ టెక్నీషియన్ ఒకరు ఇటీవల పదవీ విరమణ చేశారు. ఆయన వెళ్లిన నాటి నుంచి అక్కడి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో ఎవరికీ సరైన చిత్రం రావడం లేదు. నమూనాను ఎలా సిద్ధం చేయాలో ఆయన చేతికి తెలుసు. మాన్యువల్‌లో అది లేదు. ఇద్దరు పరిశోధక విద్యార్థుల పని ఆగిపోయింది. నా పట్టికలో మాత్రం బోధనేతర సిబ్బంది సంఖ్య ఒకటి తగ్గింది, అంతే. ఈ విశ్వవిద్యాలయపు మేధా మూలధనాన్ని కొలిచానని నేను త్వరలో సంతకం చేయాలి. ఆ సంతకం నిజాయితీగా చేయాలంటే ఈ నష్టం పట్టికలో ఎక్కడో ఒకచోట కనిపించాలి. ఇలాంటిదాన్ని ఎవరైనా కొలిచారా? ఎలా కొలిచారు?

ఖాతాపుస్తకం
మీ ఇబ్బందికి మూలం అకౌంటింగ్‌లోనే ఉంది. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం 38 ప్రకారం ఒక అమూర్త ఆస్తిని, అంటే చేతికి తగలని ఆస్తిని, పద్దులో చూపాలంటే దానిపై సంస్థకు నియంత్రణ ఉండాలి, దాని ఖరీదును నమ్మదగిన రీతిలో లెక్కకట్టగలగాలి. శిక్షణ పొందిన సిబ్బంది నైపుణ్యంపై సంస్థకు సాధారణంగా అంతటి నియంత్రణ ఉండదని ఆ ప్రమాణమే చెబుతుంది. పరిశోధన దశలో పెట్టిన డబ్బును కూడా ఆస్తిగా చూపనివ్వదు, ఆ ఏటి ఖర్చుగానే రాయమంటుంది. అందువల్ల భవనం పద్దులోకి ఎక్కుతుంది, మైక్రోస్కోప్ ఎక్కుతుంది, దాన్ని వాడగల చెయ్యి మాత్రం జీతాల ఖర్చు కిందకు పోతుంది. మేధా మూలధన నివేదికలు పుట్టింది ఈ ఖాళీని పూరించడానికే. స్వీడన్‌కు చెందిన బీమా సంస్థ స్కాండియా 1991లో లీఫ్ ఎడ్విన్సన్‌ను మేధా మూలధన డైరెక్టర్‌గా నియమించి, 1994 వార్షిక నివేదికకు అనుబంధంగా అలాంటి పత్రాన్ని వెలువరించింది. ఆ నమూనానే విశ్వవిద్యాలయాలు తరువాత అరువు తెచ్చుకున్నాయి. ఒకరికి కుట్టిన చొక్కా మరొకరు తొడుక్కున్నట్టు అక్కడక్కడా బిగుసుకుంటోంది.

నిష్పత్తి
ఇంత చుట్టు తిరగనవసరం లేదని నా అభిప్రాయం. మేధా మూలధనం ఎంత సమర్థంగా విలువను జోడిస్తోందో చూపడానికి ఆంటె పులిచ్ రూపొందించిన వీఏఐసీ గుణకం ఉంది. సంస్థ జోడించిన విలువను, అంటే ఆదాయంలోంచి బయట కొన్నవాటి ఖర్చు తీసేయగా మిగిలినదాన్ని, సిబ్బందిపై పెట్టిన ఖర్చుతో భాగిస్తే మానవ మూలధన సామర్థ్యం తెలుస్తుంది; మిగతా రెండు నిష్పత్తులను దానికి కలిపితే ఒకే అంకె వస్తుంది. వివరాలన్నీ వార్షిక లెక్కల్లోనే దొరుకుతాయి కాబట్టి విభాగాల చుట్టూ తిరిగే పని ఉండదు.

ఖాతాపుస్తకం
నిష్పత్తి గారు, ఆ గుణకాన్ని కొలబద్ద గారు చెప్పిన సంఘటనకే వర్తింపజేసి చూడండి. టెక్నీషియన్ వెళ్లిపోయారు, ఆ స్థానంలో ఎవరినీ తీసుకోలేదు, కాబట్టి జీతాల ఖర్చు తగ్గింది. ఫీజులు, గ్రాంట్లు ఈ ఏడాది అలాగే ఉన్నాయి. హారం తగ్గింది కాబట్టి నిష్పత్తి పెరుగుతుంది. అంటే ఒక విద్య చేజారిపోయిన సంవత్సరంలోనే మీ సూత్రం ఆ విశ్వవిద్యాలయానికి మెరుగైన మార్కు వేస్తుంది. పైగా లాభం కోసం నడిచే సంస్థలో జోడించిన విలువకు మార్కెట్ ధర ఒక ఆధారం. విశ్వవిద్యాలయపు ఆదాయాన్ని చాలావరకు ప్రభుత్వ విధానం నిర్ణయిస్తుంది. ఫీజు పెంచినంత మాత్రాన జ్ఞానం పెరిగిందని రాయగలమా?

నిష్పత్తి
హారం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. నేను దాన్ని ఇలాంటి సందర్భంలో వేసి చూడలేదు. అయితే ఏదో ఒక పోల్చదగిన అంకె లేకపోతే పాలక మండలి ఈ నివేదికను చదవదన్న ఆందోళన నాకు అలాగే ఉంది.

తరంగదైర్ఘ్యం
నేను ప్రయోగశాల మనిషిని. ఆ టెక్నీషియన్ విషయం చదవగానే హ్యారీ కోలిన్స్ 1974లో ప్రచురించిన అధ్యయనం గుర్తుకు వచ్చింది. టీఈఏ అనే రకం కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను నిర్మించడానికి ప్రయత్నిస్తున్న బ్రిటిష్ ప్రయోగశాలలను ఆయన పరిశీలించారు. ప్రచురిత వ్యాసాలు మాత్రమే చదివి ఆ లేజర్‌ను పనిచేయించగలిగినవారు ఒక్కరూ ఆయనకు కనిపించలేదు. స్వయంగా నిర్మించని మధ్యవర్తి ద్వారా తెలుసుకున్నవారికి కూడా అది సాధ్యం కాలేదు. అప్పటికే నిర్మించి నడిపినవారితో కలిసి మెలిసి ఉన్నవారే సాధించారు, వారిలోనూ కొందరు విఫలమయ్యారు. దాచిపెట్టాలని ఎవరూ అనుకోకపోయినా, తమకు ఏం తెలుసో చెప్పేవారికే పూర్తిగా తెలియదు. వైర్ల పొడవు ఎంత ఉండాలన్నది ముఖ్యమని తోచని మనిషి దాన్ని వ్యాసంలో ఎందుకు రాస్తారు? కాబట్టి కొలబద్ద గారి మైక్రోస్కోప్ గదిలో జరిగింది అసాధారణ ప్రమాదమేమీ కాదు. ప్రయోగ విజ్ఞానం ఒకరి నుంచి ఒకరికి అందే మార్గం అదే. ప్రచురణలను లెక్కించే పట్టికకు ఆ మార్గం కనిపించదు.

గ్రంథాలయ_దీపం
తరంగదైర్ఘ్యం గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. చేతిలోని విద్య అంతా కాగితంపైకి రాదు, నిజమే. కాని రాదగినది కూడా రాయించకుండా వదిలేసి, ఆ లోపానికి తత్త్వాన్ని అడ్డు పెట్టుకోవడం మా వృత్తిలో రోజూ చూస్తున్నాను. పరిశోధన పత్రాలను డిజిటల్‌గా భద్రపరిచే డీస్పేస్‌ను ఎంఐటీ, హెచ్‌పీ కలిసి 2002లోనే విడుదల చేశాయి. ఉచితంగా దొరికే ఆ సాఫ్ట్‌వేర్‌తో రిపాజిటరీలు పెట్టుకున్న విశ్వవిద్యాలయాలు కూడా అందులో సిద్ధాంత గ్రంథాలు, వ్యాసాలు మాత్రమే దాచుకుంటున్నాయి. పరికరం సెట్టింగులు, విఫలమైన ప్రయత్నాల వివరాలు, నమూనా తయారీ వీడియోలు, ప్రయోగ డేటా అందులో ఎందుకు ఉండకూడదు? మనుషుల్లో ఉన్న మానవ మూలధనం, వాళ్లు వెళ్లినా సంస్థలో మిగిలే నిర్మాణ మూలధనంగా మారడమంటే ఆచరణలో ఇదే కదా.

మరో సంగతి. మీరు నింపిన గడులు కూడా సరైనవేనా అని ఒకసారి చూసుకోండి. ఒకే అధ్యాపకురాలి పేరు మూడు రకాలుగా అచ్చయి ముగ్గురు మనుషులుగా లెక్కలోకి వచ్చిన సందర్భం మా దగ్గర ఉంది. పరిశోధకులకు ఒక్కొక్కరికి ఒకటిగా ఇచ్చే, 2012లో మొదలైన ఆర్కిడ్ గుర్తింపు సంఖ్యలను అందరి చేత నమోదు చేయించిన తరువాతే మా లెక్క ఒక దారికి వచ్చింది.

మూడో_వరుస
నేను పరిశోధక విద్యార్థిని. మా పర్యవేక్షకులు మరో విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. నాలుగేళ్ల డేటా ఆయన ల్యాప్‌టాప్‌తో పాటే వెళ్లింది, దాన్ని విశ్లేషించే ప్రోగ్రామ్ కూడా వెళ్లింది. ఆయన ఎంతో మంచివారు, అడిగితే పంపిస్తారు. కాని ఫైళ్ల పేర్లకు అర్థం ఏమిటో ఆయనను ఫోన్‌లో అడిగి తెలుసుకోవడానికే నాకు ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలు ఏ పట్టికలోనూ లేవు.

విశ్లేషకురాలు
మూడో_వరుస గారు చెప్పిన దానిలో ఒక లోతైన ప్రశ్న ఉంది: పరిశోధకుడు వెళ్లిపోతే ఆయన చేసిన పని ఎవరిది? బ్రిటన్‌లో జరిగే పరిశోధన మూల్యాంకనం ఈ ప్రశ్ననే ఎదుర్కొంది. 2014 విడతలో ప్రచురణలు వ్యక్తితో పాటు కొత్త సంస్థకు వెళ్లేవి. దానివల్ల గడువు దగ్గరపడగానే పేరున్న పరిశోధకులను ఆకర్షించి, వారి పాత వ్యాసాలను తమ ఖాతాలో చూపుకొనే అవకాశం సంస్థలకు దొరికింది. ఈ మూల్యాంకనంపై 2016లో వచ్చిన స్టెర్న్ సమీక్ష దీన్ని ఎత్తి చూపిన తరువాత, 2021 విడతలో వ్యాసం రూపొందిన సంస్థ కూడా దాన్ని చూపుకోవచ్చని నియమం మార్చారు. నియమం మారగానే అదే వ్యాసం మానవ మూలధనం గడి నుంచి నిర్మాణ మూలధనం గడి వైపు జరిగినట్టయింది. వ్యాసంలో ఒక్క అక్షరం మారలేదు. అందుకే మానవ, నిర్మాణ, బయటి సంబంధాల మూలధనాలనే మూడు అరలను ప్రకృతి గీసిన సరిహద్దుల్లా చూడకూడదని నేను అంటాను. ఆ అరల మధ్య ఏం ప్రవహిస్తోంది, ఏం కారిపోతోంది అన్నదే నిర్వహణ చేసేవారికి తెలియాలి. కొలబద్ద గారి పట్టిక నిల్వను చూపుతోంది, ప్రవాహాన్ని చూపడం లేదు.

అటువైపు
చర్చ అంతా ఇంకో గడి చేర్చడం వైపే వెళ్తోంది. చేర్చకూడదని నేను వాదిస్తాను. ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన విషయాన్ని, మానవ శాస్త్రవేత్త మెరిలిన్ స్ట్రాథర్న్ 1997లో అందరికీ తెలిసిన రూపంలో పెట్టారు: కొలత లక్ష్యంగా మారితే అది మంచి కొలతగా మిగలదు. ఆమె ఆ మాట రాసింది బ్రిటిష్ విశ్వవిద్యాలయాల ఆడిట్ గురించే. ఉల్లేఖనలను లెక్కించడం మొదలుపెట్టాక ఒకరినొకరు ఉల్లేఖించుకునే ముఠాలు పుట్టాయి. ప్రచురణలను లెక్కించాక ఒక పరిశోధనను నాలుగు ముక్కలు చేసి నాలుగు వ్యాసాలు రాయడం పెరిగింది. రేపు మీరు 'జ్ఞాన బదిలీ' అనే గడి పెడితే, ఎవరూ చదవని మాన్యువల్స్ గుట్టలుగా తయారవుతాయి. ఆ టెక్నీషియన్‌కు వారసుడిని ఎన్నుకోవాల్సిన బాధ్యత విభాగాధిపతిది. ఆయన ఆ పని చేయకపోవడానికి సూచిక లేకపోవడం కారణం కాదు, శ్రద్ధ లేకపోవడం కారణం.

పాత_రిజిస్టర్
అటువైపు గారి హెచ్చరికను గౌరవిస్తూనే, దీన్ని ఒక దేశమంతా చట్టపరంగా అమలు చేసిన అనుభవాన్ని ముందు పెడతాను. ఆస్ట్రియా 2002 నాటి విశ్వవిద్యాలయాల చట్టం ద్వారా ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయం మేధా మూలధన నివేదికను ప్రచురించాలని నిర్దేశించింది. విశ్వవిద్యాలయపు లక్ష్యాలు, వ్యూహాలు, మానవ, నిర్మాణ, సంబంధాల మూలధనాలు, వాటితో జరిగే ప్రక్రియలు, వాటి ఫలితాలు, ప్రభావాలు అందులో ఉండాలన్నది చట్టం ఆలోచన. ఆ ఆలోచనలో మంచి క్రమం ఉంది: ముందు ఏం సాధించాలనుకుంటున్నామో చెప్పి, దానికి ఏ వనరులు ఉన్నాయో చూపి, వాటితో ఏం జరిగిందో వివరించాలి. 2006లో వచ్చిన నియమావళి యాభైకి పైగా సూచికలను నిర్ణయించింది. అన్ని సంస్థలూ ఒకే సూచికలను నింపాల్సి వచ్చేసరికి సంగీత విశ్వవిద్యాలయమూ సాంకేతిక విశ్వవిద్యాలయమూ ఒకే తూకపు రాయితో తూగాయి. సేకరణ భారం పెరిగిందన్న విమర్శ తరువాత సూచికల సంఖ్యను తగ్గించారు.

నాకు దీనిలో ముఖ్యంగా తోచింది ఒకటి ఉంది. ఒకే పత్రం రెండు పనులు చేయాలని ఆశించారు: మంత్రిత్వ శాఖకు జవాబుదారీగా ఉండటం, సంస్థ తన్ను తాను తెలుసుకోవడం. మొదటి పనికి పోల్చదగిన అంకెలు కావాలి. రెండో పనికి బలహీనతలను ఒప్పుకునే ధైర్యం కావాలి. నిధులు ఇచ్చేవారికి పంపే పత్రంలో ఎవరు తమ బలహీనతను రాస్తారు? నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇరవై ఏళ్లలో ఒక్క విభాగం కూడా 'ఈ పాఠ్యాంశం చెప్పగలవారు మా దగ్గర ఒక్కరే ఉన్నారు' అని నాకు రాతపూర్వకంగా తెలియజేయలేదు. ఆ మాట నాకు ఎప్పుడూ విరమణ సన్మాన సభలోనే తెలిసేది.

మూడో_వరుస
సన్మాన సభ మాట చదివి నవ్వు వచ్చింది. మా దగ్గర కూడా ఎవరికి ఏం వచ్చో తెలిసేది ఆ ఉపన్యాసాల్లోనే.

సంధానకర్త
సంబంధాల మూలధనం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మేధో సంపత్తి హక్కుల కార్యాలయంలో పదేళ్లుగా ఉన్నాను. ఒప్పందాల సంఖ్య, పేటెంట్ల సంఖ్య అనే రెండు గడులూ నా పేరుతోనే వెళ్తాయి. నిజం చెప్పాలంటే సంతకాలైన తరువాత ఒక్క ఉత్తరం కూడా నడవని ఒప్పందాలు అందులో చాలా ఉన్నాయి. పేటెంట్ల విషయానికి వస్తే, అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం ప్రభుత్వ నిధులతో జరిగిన ఆవిష్కరణలపై విశ్వవిద్యాలయాలకు హక్కు తీసుకునే వీలు కల్పించింది. స్వీడన్‌లో ఇప్పటికీ ఆ హక్కు అధ్యాపకుడిదే. జర్మనీ 2002లో అధ్యాపకుల ఆ ప్రత్యేక హక్కును తీసివేసింది. కాబట్టి పేటెంట్ల సంఖ్యతో రెండు దేశాల విశ్వవిద్యాలయాలను పోలిస్తే మనం పోలుస్తున్నది చాలావరకు చట్టాలనే. లైసెన్సుల ఆదాయం కూడా ఎక్కడైనా కొద్దిపాటి పేటెంట్ల నుంచే వస్తుంది, మిగతావి రుసుములు కట్టించుకుంటూ పడి ఉంటాయి.

నేను ఇప్పుడు వ్యక్తిగతంగా మరో జాబితా ఉంచుకుంటున్నాను. గత పన్నెండు నెలల్లో అవతలి సంస్థ తనంతట తానుగా మనల్ని ఎన్నిసార్లు సంప్రదించింది, ఎవరిని సంప్రదించింది అన్నవి అందులో రాస్తాను. అన్ని ఫోన్లూ ఒకే ప్రొఫెసర్‌కు వస్తుంటే ఆ సంబంధం విశ్వవిద్యాలయానిది కాదు, ఆయనది. కొలబద్ద గారి టెక్నీషియన్ సమస్యే ఇక్కడ మరో రూపంలో ఉంది.

విశ్లేషకురాలు
సంధానకర్త గారి జాబితాయే మనకు కావలసిన పద్ధతికి బీజం. మేము మూడు విభాగాల్లో చేసి చూసిన దాన్ని వివరిస్తాను. మనుషుల నుంచి మొదలుపెట్టలేదు, పనుల నుంచి మొదలుపెట్టాం. ఆగిపోతే విభాగం దెబ్బతినే పనులను విభాగమే రాసింది. ఒక ముఖ్యమైన పాఠ్యాంశం, ఒక పరికరం, ఒక సాఫ్ట్‌వేర్, ఒక డేటా సముదాయం, ఒక బయటి సంబంధం, ఆఖరికి పరీక్షల ఫలితాలను సరిచూసే పద్ధతి కూడా అందులోకి వచ్చాయి. ఒక్కో పనికి నాలుగు ప్రశ్నలు వేశాం. దీన్ని ఈ రోజు స్వతంత్రంగా చేయగలవారు ఎందరు? ప్రధాన వ్యక్తి లేకుండా చివరిసారి ఎప్పుడు జరిగింది? రాతలో ఉన్న సూచనలను, వాటిని రాయని మనిషి ఎవరైనా అనుసరించి చూశారా? ఆ వ్యక్తి రేపు రాకపోతే మళ్లీ నిలదొక్కుకోవడానికి ఎంత కాలం పడుతుంది?

ఒకే మనిషిపై నిలిచిన పనులు మేము అనుకున్న దానికన్నా చాలా ఎక్కువగా తేలాయి. వాటిలో ఎక్కువ భాగం ప్రొఫెసర్ల దగ్గర లేవు. టెక్నీషియన్ల దగ్గర, విభాగ కార్యాలయ సహాయకుల దగ్గర, తాత్కాలిక ఒప్పందంపై ఉన్న పరిశోధకుల దగ్గర ఉన్నాయి. మన సూచికలన్నీ ఎవరిని లెక్కించడానికి రూపొందాయో తలచుకుంటే బాధ కలిగింది.

అటువైపు
పద్ధతి బాగుంది. కాని ఈ జాబితా పాలక మండలికి చేరిన మరుసటి ఏడాది, ప్రతి పనికీ ఇద్దరి పేర్లు కనిపిస్తాయి. రెండో పేరు కాగితానికే పరిమితం అవుతుంది. మరో భయం కూడా ఉంది. తాత్కాలిక ఒప్పందంపై ఉన్న మనిషికి ఉద్యోగం నిలవడానికి ఆ ఒక్క విద్యే రక్షణ. దాన్ని ఇద్దరికి నేర్పించమని మీరు అడుగుతున్నారు. నేర్పించాక అతడిని ఉంచుతారా?

విశ్లేషకురాలు
రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. మొదటిదానికి, రెండో పేరును మాటతో ఒప్పుకోము. పరికరం వాడకం రిజిస్టర్‌లోనో, పాఠం చెప్పిన హాజరు పట్టికలోనో ఆ మనిషి గత ఏడాదిలో ఒంటరిగా ఆ పని చేసినట్టు ఆనవాలు ఉండాలి. పైగా వివరాల జాబితా విభాగం దాటి వెళ్లదు. పైకి వెళ్లేది ఒకే మనిషిపై నిలిచిన పనులు ఎన్ని, వాటిలో ఈ ఏడాది ఎన్నింటికి తోడు దొరికింది అన్న రెండు సంఖ్యలే. ఏ విభాగాన్నీ మరో దానితో పోల్చము, గత ఏడాదితో మాత్రమే పోలుస్తాం. పాత_రిజిస్టర్ గారు చెప్పిన రెండు పనులను విడదీయడానికి మాకు తోచిన మార్గం అది. నిష్పత్తి గారు కోరిన పోల్చదగిన అంకె కూడా ఆ మేరకు దొరుకుతుంది. రెండో ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. నేర్పించిన పనిని పదోన్నతిలో లెక్కించాలని ప్రతిపాదించాం, ఇంకా ఆమోదం రాలేదు.

గ్రంథాలయ_దీపం
ఆ దిశలో బయట కొన్ని ప్రయత్నాలు జరిగాయి. 2017లో బ్రిటన్‌లో టెక్నీషియన్ కమిట్‌మెంట్ అనే కార్యక్రమం మొదలైంది. టెక్నీషియన్ల పని కనిపించేలా చేయడం, దానికి గుర్తింపు ఇవ్వడం, వారి వృత్తిలో ఎదుగుదల, ఆ నైపుణ్యాలు నిలిచి ఉండేలా చూడటం అనే అంశాలపై విశ్వవిద్యాలయాలు అందులో హామీ ఇస్తాయి. అలాగే క్రెడిట్ అనే వర్గీకరణలో పరిశోధనకు తోడ్పడే 14 రకాల పాత్రలు ఉన్నాయి. ప్రయోగాలు నిర్వహించడం, డేటాను సంరక్షించడం, సాఫ్ట్‌వేర్ రాయడం వంటివి కూడా వ్యాసంలో పేరుతో సహా నమోదవుతాయి. కొలబద్ద గారి టెక్నీషియన్ సిద్ధం చేసిన నమూనాలతో ఎన్ని వ్యాసాలు వచ్చాయో, వాటిలో ఎన్నింటిలో ఆయన పేరుందో చూడమని కోరుతున్నాను.

కొలబద్ద
రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. గ్రంథాలయ_దీపం గారు అడిగిన లెక్క తీశాను. గత పదేళ్లలో ఆ మైక్రోస్కోప్ చిత్రాలున్న వ్యాసాలు 41 ఉన్నాయి. కృతజ్ఞతల్లో ఆయన పేరు ఏడింటిలో ఉంది, రచయితల్లో ఒక్కదానిలోనూ లేదు.

విభాగాధిపతిని వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. అటువైపు గారు శ్రద్ధ గురించి అన్న మాట అప్పటికి నా మనసులో గట్టిగా నాటుకుంది. ఆయన దగ్గర నాలుగు నోట్ పుస్తకాలున్నాయి. ఏ రకం నమూనాకు ఎంత సేపు, ఏ మందం, ఎక్కడ చెడిపోయింది అన్నవన్నీ తేదీలతో రాసి ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఎవరైనా అడుగుతారని చివరి వారం వాటిని బల్లపై పెట్టుకుని కూర్చున్నానని చెప్పారు. ఎవరూ అడగలేదు. గౌరవ సలహాదారుగా వారానికి ఒక రోజు రావడానికి ఒప్పుకున్నారు, దానికి పారితోషికం ఇవ్వాలని నేను దస్త్రం పంపాను. పుస్తకాలను స్కాన్ చేయిస్తున్నాం. ఆయన పక్కన ఒక విద్యార్థిని, ఒక కొత్త టెక్నీషియన్ కూర్చుంటున్నారు.

నివేదికలో పాత గడులను ఉంచాను, ఎందుకంటే అవి అడిగారు. నిర్మాణ మూలధనం భాగంలో విశ్లేషకురాలు గారి నాలుగు ప్రశ్నలను రెండు విభాగాలకు వేసి, వచ్చిన రెండు సంఖ్యలను, వాటి కింద ఒక పేజీ వివరణను చేర్చాను. ఆ పేజీలో మైక్రోస్కోప్ ఐదు నెలలు ఎందుకు ఖాళీగా ఉందో రాశాను. దాన్ని తీసేయమని పై నుంచి ఒక సూచన వచ్చింది. తీసేస్తే సంతకం చేయనని చెప్పాను. ప్రస్తుతానికి పేజీ అలాగే ఉంది.

పాత_రిజిస్టర్
ఆ పేజీ ప్రతి ఒకటి తేదీతో సహా మీ దగ్గర ఉంచుకోండి. వచ్చే ఏడాది నివేదికను మరొకరు తయారు చేస్తే, వారికి అందజేయాల్సిన వాటిలో అది మొదట ఉండాలి.

సంధానకర్త
విశ్లేషకురాలు గారు, మీ ప్రశ్నల పత్రం నమూనా పంపగలరా? ఒప్పందాల జాబితాకు అదే పద్ధతిని వాడాలనుకుంటున్నాను.

విశ్లేషకురాలు
ఈ రోజే పంపుతాను. 'అవతలి సంస్థ సంప్రదించే రెండో మనిషి ఎవరు' అన్న వరుసను మీ కోసం కలుపుతున్నాను.

తరంగదైర్ఘ్యం
కొలబద్ద గారు, ఆయన పక్కన కూర్చున్న ఇద్దరినీ ఇప్పుడే 'చేయగలవారు' అనే గడిలో రాయకండి. ఆయన లేని రోజున, తామే నమూనా సిద్ధం చేసి, చెడగొట్టుకుని, మళ్లీ చేసి, చిత్రం తీసిన తరువాత రాయండి. మా ప్రయోగశాలలో ఆ దశకు చేరడానికి నాకు పదకొండు నమూనాలు పట్టాయి.